పగడాల రంగు నిలవాలంటే: రీఫ్ ట్యాంకులో నైట్రేట్, ఫాస్ఫేట్ అదుపు (మన సీమ నీళ్లకు, ఎండలకు తగ్గట్టు)

"అన్నా, జోయాలు తెచ్చినప్పుడు పచ్చగా, నారింజగా మెరిసిపోయేవి. రెండు నెలలకే ఇటుక రంగుకు దిగిపోయాయి. ఏం వేయాలి?" ఉప్పునీటి ట్యాంకులో (రీఫ్ ట్యాంకు) పగడాలు పెంచేవాళ్ల దగ్గర్నుంచి, కర్నూలు నుంచి, అనంతపురం నుంచి, ప్రొద్దుటూరు నుంచి ఇదే మాట వస్తోంది. జోయాలంటే గుత్తులుగా పెరిగే మెత్తని పగడాలు. ఇంకొందరిది దీనికి తిరగబడ్డ ప్రశ్న: "నావి రోజురోజుకూ పాలిపోతున్నాయి. టెస్ట్ చేస్తే నైట్రేట్ సున్నా. మంచిదే కదా?"

మంచిది కాదు. రెండు ట్యాంకుల్లోనూ తేడా కొట్టింది పోషకాల దగ్గరే. ఒకదాంట్లో ఎక్కువయ్యాయి, ఇంకోదాంట్లో కరువొచ్చింది.

పగడం ఒంట్లో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు కాపురముంటాయి. వాటి రంగు గోధుమ. నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ పెరిగితే అవి విపరీతంగా పెరిగి పగడం అసలు రంగును కప్పేస్తాయి. పోషకాలు అందకపోతే అవి చిక్కిపోతాయి, వాటితోపాటు పగడమూ చిక్కి పాలిపోతుంది. మనకు కావలసిన పచ్చ, నీలం, ఊదా రంగులు పగడం సొంతంగా తయారు చేసుకునే ప్రోటీన్లవి. శైవలాలు మితంగా, పగడం ఆరోగ్యంగా ఉన్నప్పుడే అవి బయటికి కనిపిస్తాయి. వెలుతురు పాత్ర కూడా ఉంది కానీ ఈ మార్గదర్శిలో దాన్ని కదపకుండా ఉంచుతాం. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో తేలదు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. మన సముద్రాల్లోని రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. సముద్రపు విసనకర్రలు, నల్ల పగడాలు కూడా అందులోవే. వాటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం. "రామేశ్వరం నుంచి తెప్పించాను, చవగ్గా ఇస్తా" అనేవాళ్ల దగ్గర కొనకండి. నేను జోయాలు, మష్రూమ్‌లు, లెదర్ పగడాలు మాత్రమే పెంచుతాను. దిగుమతి చేసిన రాతి పగడాలు పెంచేవాళ్లు కాగితాలు అడిగి తీసుకుని దాచుకోండి. కింద వాటి అంకెలు కూడా ఇచ్చాను.

1. ముందు నీళ్లు సరిచేసుకోండి

మన వైపు సగం ట్యాంకులకు రోగం ఇక్కడే మొదలవుతుంది. అందుకే ఈ మెట్టు మీద ఎక్కువ సేపు నిలబడతాను.

నా ట్యాంకులో, సంపుతో (ట్యాంకు కింద ఫిల్టర్లు పెట్టే తొట్టి) కలిపి, రాళ్లు పోను అసలు నీళ్లు 250 లీటర్లు. మొదటి ఏడాది వీధి చివర వాటర్ ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్లు తెచ్చి పోశాను. మీటరు పెడితే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) 60 చూపించింది. తాగడానికి బాగున్న నీళ్లు ట్యాంకుకు ఏం చేస్తాయిలే అనుకున్నాను. ఎన్నిసార్లు నీళ్లు మార్చినా నైట్రేట్ దిగలేదు. అద్దం తుడిచిన రెండో రోజుకే గోధుమ పొడి పట్టేది. చివరికి ఒక రోజు ట్యాంకు నీళ్లను వదిలేసి క్యాన్ నీళ్లనే టెస్ట్ చేశాను. నైట్రేట్ 5 పీపీఎమ్ (లీటరుకు 5 మిల్లీగ్రాములు) ఉంది.

ఐదే కదా అనిపిస్తుంది. ఏప్రిల్లో నా ట్యాంకు నుంచి రోజుకు దాదాపు 8 లీటర్లు ఆవిరయ్యేవి. నెలకు 240 లీటర్లు, అంటే దాదాపు ట్యాంకంత నీళ్లు. ఆవిరయ్యేది ఉత్త నీరే, అందులోని లవణాలూ నైట్రేట్ ట్యాంకులోనే మిగిలిపోతాయి. అలా ఒక్క నెలలో, చేపలకు మేత వేయకపోయినా, 4.8 పీపీఎమ్ నైట్రేట్ అదనంగా చేరింది. ఆ గోధుమ పొడి బోరు నీళ్లలోని సిలికా తిని పెరిగే సూక్ష్మ శైవలాలు, డయాటమ్‌లు. రాతి నేల కింది నీళ్లకు సిలికా మామూలే.

మన బోర్ల సంగతి మీకు తెలిసిందే. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన నైట్రేట్ హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. ఎరువులు బాగా వాడే పొలాల మధ్య ఉన్న బోర్లలో అది దాటడం వింతేమీ కాదు. ఆర్.ఓ. పొర నైట్రేట్‌ను చాలావరకు ఆపుతుంది, పూర్తిగా ఆపదు. మిగిలింది పట్టడానికే డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) కావాలి.

కావలసిన వరుస ఇది:

- 5 మైక్రాన్ల సెడిమెంట్ ఫిల్టర్. తుంగభద్రకు వరద వచ్చినప్పుడు కుళాయి నీళ్లు ఎర్రగా వస్తాయి, ఆ నెలల్లో ఇది త్వరగా మూసుకుపోతుంది.
- కార్బన్ బ్లాక్. మున్సిపాలిటీ నీళ్లలోని క్లోరిన్ పొరను తినేయకుండా ఇది కాపాడుతుంది.
- ఆర్.ఓ. పొర.
- రంగు మారే డీఐ రెసిన్.

ఇంట్లో తాగునీటి ఆర్.ఓ. ఉంటే కొత్త యంత్రం కొనక్కర్లేదు. పొర నుంచి నీళ్లు బయటికొచ్చే చోట, టీడీఎస్ అడ్జస్టర్, మినరల్ కాట్రిడ్జ్ రాకముందే, ఒక టీ జాయింటు వేయించి పైపు లాగండి. దాని చివర డీఐ రెసిన్ హౌసింగ్ పెట్టండి. ఆర్.ఓ. రిపేరుకు వచ్చే అబ్బాయికి ఇది అరగంట పని. "మినరల్ రాకముందు నీళ్లు కావాలి" అని స్పష్టంగా చెప్పండి, లేకపోతే అలవాటు కొద్దీ చివరి పైపుకే తగిలిస్తాడు.

డీఐ తర్వాత టీడీఎస్ 0 ఉండాలి. 1 చూపించిన రోజే రెసిన్ మార్చండి. 3, 4 దాకా ఆగితే నష్టమే. రెసిన్ అలిసిపోయేటప్పుడు మొదట జారిపోయేది సిలికా, దాన్ని టీడీఎస్ మీటరు సరిగా పట్టలేదు. మీటరు మీద అంకె పెరిగే సరికి సిలికా ఎప్పుడో ట్యాంకులోకి వెళ్లిపోయి ఉంటుంది.

నీళ్లు దాచడానికి మూత ఉన్న ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ డ్రమ్ము తీసుకోండి. ఇంట్లో ఖాళీగా ఉంది కదా అని రాగి బిందెలోనో ఇత్తడి గంగాళంలోనో పట్టి పెట్టకండి. మనకు మేలు చేసే రాగి పగడాలకు, రొయ్యలకు, నత్తలకు విషం. పైపుల మధ్యలో ఇత్తడి కుళాయి ఉన్నా మార్పించండి.

2. కొలిచే సామాను

- నైట్రేట్ కిట్
- ఫాస్ఫేట్ కొలిచే డిజిటల్ మీటరు
- ఆల్కలినిటీ (నీళ్ల క్షారగుణం) కిట్
- ఉప్పదనం చూసే రిఫ్రాక్టోమీటరు, దాన్ని సరిచేసే 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు) ద్రావణం
- టీడీఎస్ మీటరు
- 0.01 గ్రాము దాకా చూపే చిన్న కాటా, ముడి బంగారం తూచేలాంటిది
- నోటు పుస్తకం

ఫాస్ఫేట్ దగ్గర పిసినారితనం వద్దు. మనకు కావలసిన మోతాదు 0.05 దగ్గర ఉంటుంది. రంగు పట్టీతో పోల్చి 0.03కూ 0.08కీ తేడా చెప్పడం మనిషి కంటికి కుదరదు. హానా కంపెనీ చిన్న మీటర్లలో (చెకర్లు) హెచ్ఐ 713 కి ప్లస్ మైనస్ 0.04 తేడా ఉంటుంది కాబట్టి అది చూపే 0.03 నిజంగా సున్నా కూడా కావచ్చు. హెచ్ఐ 774 కి ఆ తేడా 0.02. రెండింట్లో ఏది కొనాలంటే 774 అనే చెబుతాను. హెచ్ఐ 736 ఉన్నవాళ్లు మర్చిపోకండి, అది ఫాస్ఫేట్ చూపదు, ఫాస్ఫరస్‌ను పీపీబీల్లో (పీపీఎమ్ లో వెయ్యో వంతు) చూపుతుంది. వచ్చిన అంకెను 3.066 తో గుణించి 1000 తో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎమ్ వస్తుంది. 16 చూపిస్తే 0.049 అన్నమాట.

మీటరు వాడేటప్పుడు చేయాల్సినవి:

- గాజు సీసాను వాడే ముందు, వాడాక ఆర్.ఓ. నీళ్లతోనే కడగండి. బోరు నీళ్లతో కడిగితే లోపల తెల్ల చార పడుతుంది, ఆ చార మీటరుకు ఫాస్ఫేట్‌లా కనిపిస్తుంది.
- సీసా బయట వేలిముద్రలు మెత్తని పాత నూలు గుడ్డతో తుడవండి.
- సున్నా పెట్టడానికి ఏ సీసా వాడారో పరీక్షకు కూడా అదే వాడండి.
- పొడి ప్యాకెట్‌ను మూడు వైపులా కత్తిరించి, మూలల్లో ఇరుక్కున్నదంతా దులిపి వేయండి.
- నురగ రాకుండా మెల్లగా తిప్పండి. లోపలి గాజుకు బుడగలు అంటుకుని ఉంటే అంకె పెరుగుతుంది.

నైట్రేట్ కిట్ రంగును ట్యాంకు నీలి లైటు కింద చూడకండి. పగలు కిటికీ దగ్గరికి తెచ్చి, ఎండ నేరుగా పడని చోట, తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. కొత్త ట్యాంకులో నైట్రైట్ ఉంటే నైట్రేట్ అంకె అబద్ధంగా పెరుగుతుంది, ఆ దశ దాటాకే దాన్ని నమ్మాలి.

3. ఏ అంకె దగ్గర నిలపాలి

- మెత్తని పగడాలకు (జోయా, మష్రూమ్, లెదర్): నైట్రేట్ 5 నుంచి 15 పీపీఎమ్, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.10 పీపీఎమ్
- పెద్ద పాలిప్‌ల రాతి పగడాలకు: నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.04 నుంచి 0.10
- చిన్న పాలిప్‌ల రాతి పగడాలకు: నైట్రేట్ 2 నుంచి 8, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.08

(పాలిప్ అంటే పగడంలో ఒక్కో నోరు.) వీటితో పాటు ఆల్కలినిటీ 7.5 నుంచి 8.5 డీకేహెచ్, కాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1250 నుంచి 1350, ఉప్పదనం 35 పీపీటీ, వేడి 25 నుంచి 26.5 డిగ్రీలు. పోషకాలు తక్కువగా ఉన్న ట్యాంకులో ఆల్కలినిటీని 10, 11కు లేపితే రాతి పగడాల కొనలు కాలినట్టు తెల్లబడతాయి. అది చూసి చాలామంది లైటును తప్పుపట్టి తగ్గిస్తారు.

నైట్రేట్, ఫాస్ఫేట్ నిష్పత్తి ఇంతే ఉండాలని పట్టుబట్టకండి. రెండూ సున్నాకు పైన ఉండాలి, రెండూ పైన చెప్పిన గీతల మధ్య ఉండాలి, వారం వారం ఎగిరి పడకూడదు. నైట్రేట్ 12 దగ్గర ఆరు నెలలు నిలిచిన ట్యాంకులో పగడాలు, ఒక వారం 2, మరో వారం 9 అయ్యే ట్యాంకులోని వాటికంటే నిండైన రంగులో ఉంటాయి.

4. రెండు వారాలు ఊరికే రాసుకోండి

ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. మొదటి టెస్టులో 20 కనిపించగానే మందు సీసా కోసం పరిగెత్తుతారు.

రెండు వారాలు ఏమీ మార్చకండి. మేత అదే, లైటు అదే, నీళ్ల మార్పిడీ అదే. బుధ, ఆదివారాల్లో ఒకే వేళకు, మేత వేయకముందు కొలవండి. నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది:

- ఆది: నైట్రేట్ 14, ఫాస్ఫేట్ 0.11, ఆల్క్ 8.1, వేడి 26.2. జోయాలు విచ్చుకున్నాయి.
- బుధ: నైట్రేట్ 15, ఫాస్ఫేట్ 0.12, ఆల్క్ 8.0, వేడి 26.8. మేత: రెండు చిటికెలు. అద్దం మీద పచ్చ పొర పలచగా.
- ఆది: నైట్రేట్ 17, ఫాస్ఫేట్ 0.14. చుట్టాలొచ్చారు, పిల్లలు మేత రెండుసార్లు వేశారు.

ఆ చివరి ముక్క రాయకపోయి ఉంటే 17 ఎందుకొచ్చిందో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. అంకె పక్కన ఇంట్లో ఏం జరిగిందో కూడా రాయండి.

రెండు వారాల తర్వాత మూడింట్లో ఒకటి తెలుస్తుంది: పోషకాలు పెరుగుతున్నాయి, తగ్గుతున్నాయి, లేదా నిలకడగా ఉన్నాయి. నిలకడగా, గీతల మధ్య ఉంటే ఇక చదవక్కర్లేదు, ట్యాంకును ముట్టుకోకండి.

5. పగడాన్ని చూసి పోల్చుకోవడం

అంకె ఒకటి చెబితే పగడం మరొకటి చెప్పవచ్చు. నీళ్లలో ఫాస్ఫేట్‌ను శైవలాలే తినేస్తుంటే టెస్టులో సున్నా వస్తుంది, రాళ్ల మీద మాత్రం పచ్చ వెంట్రుకలు మొలుస్తుంటాయి.

- రంగు ముదిరి గోధుమకు తిరిగింది, అద్దం రోజూ పచ్చబడుతోంది: పోషకాలు ఎక్కువ.
- రంగు కడిగేసినట్టు పాలిపోయింది, పాలిప్‌లు చిన్నబోయాయి, అద్దం వారమైనా తళతళలాడుతోంది: పోషకాలు కరువు.
- గోధుమ రంగు జిగురు తీగలు, వాటిలో గాలి బుడగలు, రాత్రికి తగ్గి మధ్యాహ్నానికి మళ్లీ కప్పేస్తున్నాయి: డైనోఫ్లాజెల్లేట్లు. ఎక్కువగా నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు పడిపోయిన ట్యాంకులోనే వస్తాయి.
- ఎర్రటి దుప్పటిలాంటి పొర, పట్టుకుంటే ముక్కలుగా లేస్తుంది: సయానో బ్యాక్టీరియా. నీళ్లు కదలని మూలల్లో మొదలవుతుంది.
- ఇసుక మీద గోధుమ పొడి: డయాటమ్‌లు. మొదటి మెట్టుకు వెళ్లి రెసిన్ చూడండి.

6. ఎక్కువైతే తగ్గించే క్రమం

వరుస తప్పకండి. పైది చేసి రెండు వారాలు చూశాకే కిందికి దిగాలి.

*మేత.* ట్యాంకులోకి చేరే నైట్రేట్, ఫాస్ఫేట్‌లలో పెద్ద వాటా మేత ద్వారానే వస్తుంది. గడ్డకట్టిన రొయ్యల ముక్కను టీ జల్లెడలో వేసి, ఆర్.ఓ. నీళ్లతో కరిగించి, ఆ రసం పారబోసి, ముక్కలు మాత్రమే వేయండి. రెండు నిమిషాల్లో చేపలు తినగలిగినంతే వేయండి. మేత వేసే పని ఒక్కరికే అప్పగించండి.

*చెత్త.* నీళ్లు వడకట్టే గుడ్డ సంచి అయిన ఫిల్టర్ సాక్‌ను మూడు రోజులకోసారి మార్చండి. వారం ఉంచితే అందులో చిక్కిన మేత కుళ్లి నీళ్లలోనే కలుస్తుంది. రాళ్ల వెనక పేరుకున్న మడ్డిని చిన్న పంపుతో లేపి, నీళ్లు మార్చే రోజున సైఫన్‌తో లాగేయండి.

*నీళ్ల మార్పిడి.* నైట్రేట్ 40 ఉంటే, వారానికి 20 శాతం చొప్పున మారిస్తే లెక్క ఇలా దిగుతుంది: 32, 25.6, 20.5, 16.4, 13.1. ఐదు వారాలు. ఆ ఐదు వారాల్లో మేత నుంచి చేరేది కూడా కలపాలి కాబట్టి నిజానికి ఏడెనిమిది వారాలు పడుతుంది. 250 లీటర్లలో 50 లీటర్లంటే దాదాపు 1.9 కిలోల ఉప్పు. ఉప్పు హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో బస్సు పార్శిల్లో రావాలి, కాబట్టి రెండు నెలలకు సరిపడా ముందే తెప్పించి పెట్టుకోండి.

నైట్రేట్ ఇలా దిగుతుంది, ఫాస్ఫేట్ దిగదు. రాళ్లు, ఇసుక ఫాస్ఫేట్‌ను పీల్చి దాచుకుంటాయి. నీళ్లలో తగ్గగానే మళ్లీ వదులుతాయి. ఈ రోజు 0.20 ని 0.15 కు దించితే ఎల్లుండికి 0.19 కనిపిస్తుంది. నీళ్లు మార్చడం దండగని మానేయకండి, రాళ్లలోని నిల్వ కరిగేదాకా నెలలు పడుతుంది.

*ప్రోటీన్ స్కిమ్మర్.* ఇది గాలి బుడగలతో నీళ్లలోని మురికిని నురగగా పైనున్న కప్పులోకి ఎత్తే యంత్రం. కప్పు మెడలో మడ్డి పేరుకుంటే నురగ పైకి ఎక్కదు. మూడు రోజులకోసారి మెడ తుడవండి.

*జీఎఫ్ఓ, అంటే ఫాస్ఫేట్ పీల్చే ఇనుప ఆక్సైడు గుళికలు.* ఇక్కడే నా ట్యాంకు దెబ్బ తిన్నది. ఫాస్ఫేట్ 0.18 ఉంటే ఓపిక లేక డబ్బా మీద రాసిన మోతాదు మొత్తం ఒకేసారి రియాక్టర్లో (నీళ్లు గుళికల గుండా పోయే గొట్టం) పోశాను. మూడో రోజుకు 0.02. ఐదో రోజు మీటరు 0.00 చూపించింది, నేను సంతోషించాను కూడా. ఎనిమిదో రోజు పొద్దున ఇసుక మీద గోధుమ తీగలు, వాటికి వేలాడుతూ బుడగలు. మధ్యాహ్నానికి జోయాల గుత్తి మీద సాలెగూడులా పరుచుకున్నాయి. నలభైకి పైగా నోళ్లు విచ్చే గుత్తి అది, మూడు వారాలు మూసుకునే ఉంది. మళ్లీ తెరుచుకున్నవి పదకొండు.

అందుకే గట్టిగా చెబుతున్నాను. డబ్బా మీది మోతాదులో నాలుగో వంతుతో మొదలుపెట్టండి. రెండు రోజులకోసారి కొలవండి. వారానికి 0.03, 0.04 కంటే ఎక్కువ దిగనివ్వకండి. 0.08 కు రాగానే తీసేయండి. రాతి పగడాలున్న ట్యాంకులో ఫాస్ఫేట్ ఒక్కసారిగా పడితే ఒంటి చర్మమే ఊడిపోయి తెల్ల ఎముక మిగులుతుంది.

*కార్బన్ డోసింగ్.* 5 శాతం తెల్ల వెనిగర్ వేస్తే బ్యాక్టీరియా పెరిగి నైట్రేట్, ఫాస్ఫేట్‌లను తింటాయి, వాటిని స్కిమ్మర్ బయటికి తీస్తుంది. 100 లీటర్లకు రోజుకు 0.8 మి.లీ. తో మొదలుపెట్టి వారం తర్వాతే పెంచాలి. నీళ్లు పాలలా మసకబారితే ఆపేయాలి. కరెంటు తరచూ పోయే ఊళ్లో, ఇన్వర్టర్ లేని ఇంట్లో దీన్ని చేయవద్దని నా సలహా. వెనిగర్ వేసిన రాత్రి స్కిమ్మర్ నాలుగు గంటలు ఆగితే బ్యాక్టీరియా ఆక్సిజన్ లాగేసుకుంటాయి. తెల్లారేసరికి చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటాయి.

7. కరువైతే పెంచే క్రమం

మొదట మేతే. రోజుకు ఒకసారి వేసేవాళ్లు రెండుసార్లు వేయండి. స్కిమ్మర్‌ను రాత్రి మాత్రమే నడపండి. జీఎఫ్ఓ ఉంటే తీసేయండి. పది రోజుల్లో అంకె కదలకపోతే అప్పుడు డోసింగ్.

కాలేజీ ల్యాబులకు రసాయనాలు అమ్మే దుకాణంలో ఏఆర్ గ్రేడ్ (ల్యాబు శుద్ధి) సోడియం నైట్రేట్, నీరు లేని డైసోడియం ఫాస్ఫేట్ అడగండి. సోడియం నైట్రేట్‌ను పొయ్యికి, అగ్గికి దూరంగా పెట్టండి. రెండు సీసాలకూ పెద్ద అక్షరాలతో పేర్లు అంటించండి.

- నైట్రేట్ సీసా: 1 లీటరు ఆర్.ఓ. డీఐ నీళ్లలో 13.7 గ్రాముల సోడియం నైట్రేట్. ఇందులో 10 మి.లీ. వేస్తే 100 లీటర్లలో నైట్రేట్ 1 పీపీఎమ్ పెరుగుతుంది.
- ఫాస్ఫేట్ సీసా: 1 లీటరు ఆర్.ఓ. డీఐ నీళ్లలో 1.5 గ్రాముల డైసోడియం ఫాస్ఫేట్. ఇందులో 1 మి.లీ. వేస్తే 100 లీటర్లలో ఫాస్ఫేట్ 0.01 పీపీఎమ్ పెరుగుతుంది.

నా 250 లీటర్లకు నైట్రేట్ 1 పీపీఎమ్ పెంచాలంటే 25 మి.లీ., ఫాస్ఫేట్ 0.01 పెంచాలంటే 2.5 మి.లీ. రోజుకు నైట్రేట్ 1, ఫాస్ఫేట్ 0.02 మించి పెంచకండి. సూది తీసేసిన మందుల సిరంజితో, నీళ్లు జోరుగా తిరిగే చోట, చుక్క చుక్కగా వదలండి.

ఫాస్ఫేట్ వేసిన మర్నాడు మళ్లీ సున్నా చూపిస్తే కంగారు పడొద్దు. ఖాళీగా ఉన్న రాళ్లు ముందు తాము తాగుతాయి. నా ట్యాంకులో తొమ్మిదో రోజు దాకా మీటరు కదల్లేదు, పదో రోజు 0.03 చూపించింది. ఆ తొమ్మిది రోజుల్లో విసుగొచ్చి మోతాదు మూడింతలు చేసేవాళ్లకు పదకొండో రోజు 0.20 దర్శనమిస్తుంది.

ఇంకో హెచ్చరిక మన వాళ్లకే ప్రత్యేకం. చీనీ తోటలున్న ఇళ్లలో డ్రిప్పులో వదిలే 13-0-45 బస్తా ఉంటుంది. అది పొటాషియం నైట్రేటే కదా, వేయొచ్చా అని అనంతపురం వైపు నుంచి చాలామంది అడిగారు. పేరు నిజమే, కానీ అది చెట్టుకు సరిపోయే శుద్ధి, అందులో ఇంకేం కలిసి ఉందో పగడానికి సరిపడుతుందన్న హామీ లేదు. 19-19-19 గానీ 12-61-0 గానీ అయితే దగ్గరికి కూడా తేవద్దు. వాటిలో నత్రజని అమ్మోనియం రూపంలో ఉంటుంది, 19-19-19 లో యూరియా కూడా ఉంటుంది. అది ట్యాంకులో పడితే చేపలు అదే రోజు చచ్చిపోవచ్చు.

డైనోఫ్లాజెల్లేట్లు వచ్చి ఉంటే నీళ్ల మార్పిడి ఆపి, నైట్రేట్ 5 పైన, ఫాస్ఫేట్ 0.05 పైన నిలిపి ఉంచండి. రోజూ సాయంత్రం తీగలను సన్నని గొట్టంతో ఫిల్టర్ సాక్‌లోకి లాగండి. వారాలు పడుతుంది.

జోయాలను ముట్టుకునేటప్పుడు చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి. వాటిలో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉండవచ్చు. జోయాలున్న రాయిని శుభ్రం చేద్దామని వేడినీళ్లలో మరగపెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే, ఆ ఆవిరి పీల్చినా ప్రమాదం.

8. మార్చి నుంచి జూన్ దాకా

ఎండాకాలంలో పోషకాల లెక్క మారిపోతుంది. వేడికి చేపల ఆకలి పెరుగుతుంది, మేత పెరుగుతుంది, నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఆవిరి రెండింతలవుతుంది.

మనకు ఒక మేలుంది. నెల్లూరు, విశాఖ వాళ్లకు ఉక్కపోత, అక్కడ ఫ్యాను పెట్టినా నీళ్లు అంతగా చల్లబడవు. మన పొడి గాలిలో సంపు మీద రెండు చిన్న ఫ్యాన్లు పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతాయి. గది 38 డిగ్రీలకు పోతే మాత్రం చిల్లర్ తప్పదు. ట్యాంకును పడమటి గోడకు ఆనించి పెట్టకండి, సాయంత్రం ఆ గోడ పొయ్యిలా ఉంటుంది.

ఫ్యాను చల్లబరిచేదే నీళ్లను ఆవిరి చేసి. తగ్గిన నీళ్లను డీఐ నీళ్లతోనే నింపాలి, ఉప్పు నీళ్లతో కాదు. చేత్తో రోజుకోసారి 8 లీటర్లు పోస్తే ఉప్పదనం పొద్దునా సాయంత్రం ఊగుతుంది. తగ్గినంత నీటిని తానే నింపే ఆటో టాప్ ఆఫ్ పెట్టుకోవడం మేలు.

కరెంటు పోయినప్పుడు ముందు గాలి, తర్వాతే మిగతావి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఎప్పుడూ చార్జి చేసి ఉంచండి. కరెంటు వచ్చాక స్కిమ్మర్ కప్పు పొంగుతుంది, ఆ మురికి తిరిగి సంపులో పడకుండా ఒక గంట చూసుకోండి.

9. తరచూ జరిగే తప్పులు, వాటికి విరుగుడు

- ఒకే వారం మేత తగ్గించి, జీఎఫ్ఓ వేసి, లైటు పెంచారు: అన్నీ వెనక్కి తీయండి. రెండు వారాలు ఆగి, ఒక్కటి మాత్రమే మార్చండి.
- రంగు రాలేదని రంగు పెంచే సీసాలు కొన్నారు: పక్కన పెట్టండి. నైట్రేట్, ఫాస్ఫేట్, ఆల్కలినిటీ నెల రోజులు నిలిచాక కూడా రంగు రాకపోతే అప్పుడు ఆలోచించండి.
- కొత్త పగడం బస్సు దిగి రాగానే పాలిపోయి ఉంది: ప్రయాణం బడలిక. తక్కువ వెలుతురులో వారం ఉంచండి, నీళ్లను దానికోసం మార్చకండి.
- టెస్టులో అనుకోని అంకె: ముందు అదే టెస్టు మళ్లీ చేయండి. రెండోసారి కూడా అదే వస్తేనే నమ్మండి. కిట్ గడువు తేదీ చూడండి, ఎండాకాలం పార్శిల్లో వచ్చిన కిట్లు పాడై ఉండవచ్చు.
- అంకె దారిలోకి వచ్చింది కానీ రంగు మారలేదు: పగడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇవ్వండి. నెలకోసారి ఒకే చోట నిలబడి, ఒకే లైటులో ఫోటో తీసి పోల్చండి. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు.

10. గోడకు అంటించుకునే జాబితా

రోజూ:
- వేడి చూడటం
- టాప్ ఆఫ్ డ్రమ్ములో నీళ్లున్నాయా
- జోయాలు విచ్చుకున్నాయా

మూడు రోజులకు:
- ఫిల్టర్ సాక్ మార్పు
- స్కిమ్మర్ మెడ తుడవడం

వారానికి:
- బుధ, ఆదివారం నైట్రేట్, ఫాస్ఫేట్
- ఆదివారం ఆల్కలినిటీ, ఉప్పదనం
- 10 శాతం నీళ్ల మార్పిడి, మడ్డి లాగడం

నెలకు:
- డీఐ తర్వాత టీడీఎస్, రెసిన్ రంగు
- కాల్షియం, మెగ్నీషియం
- ఆర్.ఓ. డీఐ నీళ్లలోనే నైట్రేట్ టెస్ట్
- రిఫ్రాక్టోమీటరు సరిచూడటం
- ఫోటో

ఫిబ్రవరి చివర్లో, ఎండలు ముదరకముందే:
- సెడిమెంట్, కార్బన్ ఫిల్టర్ల మార్పు
- ఒక ప్యాకెట్ రెసిన్ అదనంగా ఇంట్లో
- ఫ్యాన్లు, గాలి పంపు, ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్
- రెండు నెలల ఉప్పు
- ఊరెళితే మేత వేసేవాళ్ల కోసం, రోజుకు ఒక పొట్లం చొప్పున కట్టి పెట్టిన మేత. డబ్బా మాత్రం బీరువాలో.